డిక్కీలో దీపం

నవంబరు 4, సోమవారం

అమ్మాయి ఈ నోటుబుక్కు ఇచ్చింది. "నీ భయాలన్నీ ఇందులో రాసెయ్యమ్మా, నాకు చెప్పేవి సగం తగ్గుతాయి" అంది. నవ్వుతూనే అంది. నేను చదివింది ఐదో తరగతి. అక్షరాలు గుండ్రంగానే వస్తాయి గానీ వరస తిన్నగా రాదు. ఎవరూ చూడరు కాబట్టి ఫరవాలేదు. చూస్తారేమో. దుప్పట్ల పెట్టెలో అడుగున పెడతాను.

ఈ రోజు భయాలు. గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు చూశాను, కట్టేసే ఉంది. అల్లుడు రెండుసార్లు తుమ్మాడు. మా ఆయన లిఫ్టు నాలుగో అంతస్తులో దిగి అక్కడివాళ్ళ బెల్లు కొట్టారు.

మూడోది భయం కాదు. ఊరికే రాశాను.

నవంబరు 5, మంగళవారం

మేముండేది ఐదో అంతస్తు. నాలుగో అంతస్తావిడ తలుపు తీస్తే ఆయన ఆవిడనే అడిగారట, "మీరెవరమ్మా, మా ఇంట్లో ఏం చేస్తున్నారు" అని. ఆవిడ మంచిది. చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చి దింపి, "అందరి తలుపులూ ఒకేలా ఉన్నాయి కదండీ" అని సర్దేసింది. నిజమే. అన్ని తలుపులూ ఒకే రంగు. ఎవరైనా పొరబడతారు.

కానీ ఈయన ముప్ఫై ఎనిమిదేళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. కళ్ళు మూసుకుని లిఫ్టెక్కినా ఏ అంతస్తు దాటుతోందో చెప్పేవారు.

మా బావగారు, అంటే ఆయన అన్నగారు, చివరి రోజుల్లో మా తోడికోడలిని చూసి, "ఎవరమ్మా మీరు, భోంచేశారా" అని అడిగేవారు. ఎంతో మర్యాదగా అడిగేవారు. ఆవిడని ఎక్కువ ఏడిపించింది ఆ మర్యాదే.

అది ఎందుకు రాశానో. కొట్టేస్తే కాగితం పాడవుతుంది. ఉండనీ.

నవంబరు 6, బుధవారం

అమ్మాయి ఇళ్ళకు కర్టెన్లు వేయించే పని చేస్తుంది. గుడ్డ ముక్కలు అతికించిన శాంపిల్ పుస్తకాలు పన్నెండు ఎప్పుడూ కారు డిక్కీలో ఉంటాయి. మా సెల్లార్‌లో పట్టపగలు కూడా మసకే, మా కారు నిలిపేది స్తంభం వెనక మూల. మనకే కాదు, ఎవరి సెల్లార్ చూసినా ఇంతేనట. ఈ రోజు ఒకరింటికి వెళ్ళి, కింద డిక్కీలోంచి పుస్తకం తడుముకుని తీసి, పది అంతస్తులు పైకి వెళ్ళి ఆ ఇంటావిడ ముందు విప్పితే మట్టిరంగు. ఆవిడ అడిగింది బూడిదరంగు. "రంగులు తెలియని మనిషితో కర్టెన్లేం వేయించుకుంటాం" అందట. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే చెప్పి, గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

ఆ కారు డిక్కీకి మొదటి నుంచీ లైటు లేదు. ఆ రకానికి పెట్టలేదట.

ఆయన పేపరు మడిచారు. "డిక్కీలో లైటు పెడితే సరి. అరగంట పని" అన్నారు. అని, కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచారు. పని మానేసి ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో అలా లేవడం చూడలేదు.

నాకు వెంటనే వైర్లు అంటుకుంటాయని భయం వేసింది. పైకి అనలేదు. అంటే నన్ను అలారం అంటారు. పెళ్ళయిన ఏడాది నుంచీ నా పేరు అదే. లిఫ్టులో ఎర్ర బొత్తాం నొక్కితే మోగుతుంది చూడండి, అది.

నవంబరు 7, గురువారం

ఈ రోజు గొడవ. గొడవ కాదు, మాటలు.

అమ్మాయి నాకు కూడా చెప్పకుండా మతిమరుపు చూసే డాక్టరు దగ్గర ఇరవై రెండో తారీఖుకు టైము తీసుకుంది. భోజనాల దగ్గర మెల్లగా చెప్పింది. ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయారు. "నా బుర్రకేమైంది" అన్నారు. అల్లుడు మంచినీళ్ళు తాగాడు. ఆయన ఒక్కొక్కరినీ వరసగా చూసి, చివరికి నన్ను చూశారు. నేను గిన్నెలోకి చూశాను.

"ఓహో, అందరూ ఒక మాట మీదే ఉన్నారన్నమాట" అన్నారు. మళ్ళీ ఆయనే అన్నారు. "సరే. ఇరవై రెండు లోపల ఆ లైటు వెలిగిస్తాను. వెలిగించలేకపోతే నోరెత్తకుండా మీ డాక్టరు దగ్గరికి వస్తాను. వెలిగిస్తే ఇక ఈ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తకూడదు."

అమ్మాయి ఒప్పుకుంది. అల్లుడు ఒప్పుకున్నాడు, అతను ఎవరేం చెప్పినా ఒప్పుకుంటాడు. నన్నెవరూ అడగలేదు.

అడిగితే ఏం చెప్పేదాన్ని. లైటు వెలగాలి. వెలిగితే ఆయన బాగున్నట్టే. కానీ వెలిగితే డాక్టరు దగ్గరికి రారు. రాకపోతే బాగున్నారని ఎలా తెలుస్తుంది. వెలక్కపోతే వస్తారు. కానీ వెలక్కపోతే... ఇక్కడే తిరుగుతున్నాను. చపాతీ పిండి కలుపుతూ కూడా ఇదే. ఉప్పు వేయడం నేను మరిచిపోయాను. ఆయన కాదు, నేను.

నవంబరు 9, శనివారం

అటక మీద నుంచి పనిముట్ల పెట్టె దింపారు. స్టూలు నేను పట్టుకున్నాను, అల్లుడు ఆయన్ని పట్టుకున్నాడు, అమ్మాయి నన్ను పట్టుకుంది.

పెట్టెలో అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కొక్కటి తీసి తుడుస్తూ పేరు చెప్పారు. ఒక్క పేరు తడుముకోలేదు. నేను లెక్కపెట్టాను, ఇరవై మూడు.

అందులో ఒక తలుపు స్విచ్చి దొరికింది. బొటనవేలంత ఉంటుంది, చివర చిన్న పుల్లలాంటిది లోపలికీ బయటికీ కదులుతుంది. "ఇలాంటివి వెయ్యి తలుపులకు పెట్టి ఉంటాను. తలుపు సరిగ్గా పడితేనే ఇది కలుస్తుంది" అన్నారు. డైనింగ్ టేబుల్ మీద పాత బ్యాటరీ పెట్టి, వైర్లు కలిపి, చివర బల్బు పెట్టారు. పుల్ల మీద వేలు పెట్టి నొక్కారు. వెలిగింది. "చూశారా" అన్నారు. అందరం చూశాం. అల్లుడు చప్పట్లు కొట్టాడు. నేనూ ఒకసారి నొక్కాను. నొక్కితే వెలిగింది.

హాయిగా ఉంది. రేపు బిగిస్తారు.

నవంబరు 10, ఆదివారం

సెల్లార్‌లోకి నేను బకెట్టెడు నీళ్ళు పట్టుకెళ్ళాను. కరెంటు మంటల మీద నీళ్ళు పోయకూడదని అమ్మాయి చెప్పింది. అయితే ఇసుక తెస్తానన్నాను. "కారు కడుగుతారా అమ్మగారూ" అని వాచ్‌మన్ అడిగాడు. కడగమని చెప్పాను. మరి నీళ్ళెందుకంటాడు. ఏం చెప్పను.

అరగంట పని మూడు గంటలైంది. ఆయన డిక్కీలో సగం దూరి పడుకున్నారు, కాళ్ళు బయట. మూత మీద పడుతుందేమోనని నేను రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. అది దానంతట అదే నిలబడుతుందని అందరూ చెప్పారు. నిలబడుతుంది, ఇంతకు ముందు ఎప్పుడూ పడలేదు కూడా. అయినా పట్టుకున్నాను. చేతులు లాగుతున్నాయి, అక్షరాలు అందుకే ఇలా ఉన్నాయి.

పుస్తకాలన్నీ మళ్ళీ సర్ది, మూత వేశారు. ఒక్క నిమిషం ఆగారు. మూత తీశారు.

చీకటి.

మళ్ళీ గట్టిగా వేశారు. మళ్ళీ తీశారు. చీకటే. అమ్మాయి "ఫరవాలేదు నాన్నా, తర్వాత చూద్దాం" అంది. ఆయన ఆ మూల వైపే చూస్తూ నిలబడ్డారు. స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది. లిఫ్టులో పైకి వస్తున్నప్పుడు, ఏ అంతస్తని నన్ను అడిగారు.

బల్బు పోయి ఉంటుంది. బల్బులు పోతాయి. కొత్తవే పోతాయి. బల్బే అయి ఉంటుంది.

నవంబరు 11, సోమవారం

బల్బు మార్చారు. బల్బు కాదు.

నవంబరు 12, మంగళవారం

పొద్దున అమ్మాయి కారు స్టార్టు చేస్తే కదల్లేదు. బ్యాటరీ పూర్తిగా పడిపోయిందట. ఒకావిడ కొలతలకని ఎదురుచూస్తూ కూర్చుని, చివరికి ఇంకొకరిని పిలిపించుకుంది. అమ్మాయి డైరీలో ఆవిడ పేరు కొట్టేసింది.

బ్యాటరీ షాపతను వచ్చి తీసుకెళ్ళి, చార్జింగు ఎక్కించి, సాయంత్రానికి తెచ్చి పెట్టాడు. పాతబడింది గానీ ఇంకా పనికొస్తుందన్నాడు. కొత్తది వేయిద్దామని అల్లుడు అన్నాడు. అతను ఏ సమస్యకైనా కొత్తది వేయిద్దామనే అంటాడు.

నవంబరు 13, బుధవారం

మేమిద్దరమే సెల్లార్‌కు వెళ్ళాం. ఆయన మూత తీసి, స్విచ్చి పుల్లను వేలితో నొక్కారు. లైటు వెలిగింది. వేలు తీశారు. ఆరిపోయింది. మళ్ళీ నొక్కారు, వెలిగింది. నా కళ్ళతో చూశాను. నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. స్విచ్చి బాగుంది, బల్బు బాగుంది, వైరు బాగుంది, ఆయన బాగున్నారు.

"అర్థమైందా. మూత దీన్ని సరిగ్గా నొక్కడం లేదు" అన్నారు. "లిఫ్టుల్లో పది ఫిర్యాదులొస్తే తొమ్మిది ఇదే. తలుపు అందదు." అర్థమైందన్నాను. ఎంతో చక్కగా అర్థమైంది. పాత చెప్పు అడుగున రబ్బరు ముక్క కోసి మూతకు అతికించారు, పుల్ల పూర్తిగా లోపలికి వెళ్ళేలా. ఇప్పుడు మూత వేస్తే టక్కుమని గట్టిగా పడుతోంది.

తీస్తే చీకటే. కానీ గమ్ము ఆరాలి కదా. రేపటికి ఆరుతుంది.

నవంబరు 14, గురువారం

గమ్ము ఆరింది. వెలగలేదు. ఈ రోజు ఏ వారమని రెండుసార్లు అడిగారు. మూడోసారి అడగలేదు. అడిగి ఉంటే రాసేదాన్ని.

నవంబరు 15, శుక్రవారం

కారు మళ్ళీ కదల్లేదు. బ్యాటరీ ఎక్కించి మూడు రోజులు కూడా కాలేదు.

షాపతను బ్యాటరీకి మీటరేదో పెట్టి చూసి, బ్యాటరీలో దోషం లేదు, ఎక్కడో కరెంటు తినేస్తోందన్నాడు. డిక్కీలోకి తొంగిచూసి, "ఈ కొత్త లైటు వైరు పీకేయండి పెద్దాయనా, అదే తింటున్నట్టుంది" అన్నాడు.

ఆయన లేచి నిలబడ్డారు. "వెలగని లైటు కరెంటెలా తింటుందయ్యా."

షాపతను ఆలోచించాడు. మేమూ ఆలోచించాం. ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. షాపతను తల గోక్కుని, బ్యాటరీ మళ్ళీ ఎక్కించి పెట్టి, రోజూ కారు కాస్త ఎక్కువసేపు తిప్పమని చెప్పి, ఇంకో చోట పనుందని వెళ్ళిపోయాడు.

పైకి వచ్చాక అమ్మాయి వంటింట్లో నాతో మెల్లగా, "అమ్మా, ఇంక వారమే ఉంది కదా, తీసేయమని నువ్వు చెప్పు" అంది. నేను చెప్పనన్నాను. ఆ పెట్టె తెరిచినప్పటి నుంచి ఆయన ఆకలేస్తోందని అడిగి తింటున్నారు. ఏడేళ్ళు నేను బతిమాలి పెట్టిన మనిషి.

నవంబరు 16, శనివారం

ఇది ఎవరికీ చెప్పను.

అమ్మాయితో బజారుకు బయలుదేరాను. కారులో వెనక సీట్లో కూర్చున్నాక ఆమె ఫోను మరిచిపోయానని పైకి వెళ్ళింది. నేనొక్కదాన్నే. సెల్లార్ మసకగా ఉంది. నా సంచి సీటు వెనక్కి జారితే తీయబోయి వెనక్కి తిరిగాను. సీటుకీ పక్క రేకుకీ మధ్య సందులో సన్నగా, దారంలా, పసుపు పచ్చని వెలుగు.

మంటే అనుకున్నాను. ఎలా దిగానో తెలియదు, వెళ్ళి డిక్కీ మూత తీశాను. మంట లేదు, పొగ లేదు, చీకటి. పన్నెండు పుస్తకాలు బుద్ధిగా ఉన్నాయి. చెయ్యి పెట్టి తడిమితే ఆ లైటు అద్దం వెచ్చగా ఉన్నట్టు అనిపించింది. వెలగని లైటు వెచ్చగా ఎందుకుంటుంది. మూత వేసి వచ్చి కూర్చున్నాను. సందులో వెలుగు. మళ్ళీ దిగి వెళ్ళి తీశాను. చీకటి. మళ్ళీ కూర్చున్నాను. వెలుగు.

మూడుసార్లు తిరిగాను. అప్పుడు తెలిసింది.

ఆయనకు కాదు. నాకు.

ఇన్నాళ్ళూ ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నాను, అది వెనక నుంచి నా దగ్గరికి వచ్చింది. లేనివి కనబడడం కూడా అందులో భాగమేనని మా తోడికోడలు చెప్పేది. బావగారికి గోడ మీద పిల్లులు కనబడేవి. నాకు దారంలాంటి వెలుగు కనబడింది. పిల్లుల కంటే నయం.

అమ్మాయి వచ్చి, "ఏంటమ్మా అలా ఉన్నావు" అంది. ఎండ అన్నాను. సెల్లార్‌లో.

నవంబరు 17, ఆదివారం

ఈ రోజు కారు వైపు వెళ్ళలేదు. ఏమీ కనబడలేదు.

నవంబరు 18, సోమవారం

నన్ను నేనే పరీక్ష పెట్టుకున్నాను. పెళ్ళి తారీఖు, గుర్తుంది. అమ్మాయి పుట్టిన వారం, గుర్తుంది. మా అమ్మ తరఫు బంధువులందరి పేర్లు వరసగా, గుర్తున్నాయి, వాళ్ళు ఎవరితో మాట్లాడరో కూడా గుర్తుంది. పదమూడో ఎక్కం అప్పజెప్పుకున్నాను, సగంలో ఆగిపోయింది. మొదటి నుంచి మళ్ళీ అప్పజెప్పుకున్నాను, అక్కడే ఆగింది. తర్వాత గుర్తొచ్చింది, పదమూడో ఎక్కం నాకు చిన్నప్పుడూ రాదు.

ఇరవై రెండున ఆయనతో పాటు నన్నూ చూడమని డాక్టరుని అడగాలి. ఒకే టైములో ఇద్దరినీ చూస్తారేమో. ఆయన నన్ను మరిచిపోయి, నేను ఆయన్ని మరిచిపోతే, ఇద్దరం ఒకరినొకరు భోంచేశారా అని మర్యాదగా అడుగుతూ కూర్చుంటాం. అది తలుచుకుంటే ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. నవ్వు రావడం కూడా అందులో భాగమేమో.

నవంబరు 19, మంగళవారం

దాచుకోలేకపోయాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, "ఏమండీ, కిందికి రండి, ఒకసారి కారులో కూర్చుందాం" అన్నాను. ఎక్కడికని అడిగారు. ఎక్కడికీ కాదన్నాను. పెళ్ళాం మతి తప్పితే చూసినట్టు చూసి, చెప్పులేసుకున్నారు.

ఇద్దరం వెనక సీట్లో ఎక్కి తలుపులు వేసుకున్నాం. వేలితో సందు చూపించాను. "నాకు అక్కడ వెలుగు కనబడుతోంది. నిజం చెప్పండి. మీకు కనబడుతోందా" అన్నాను. కనబడడం లేదంటే ఏం చెయ్యాలో కూడా అనుకోలేదు.

ఆయన వంగి చూశారు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ చూశారు. చాలాసేపు చూశారు.

"కనబడుతోంది" అన్నారు.

నేను ఆయన చెయ్యి పట్టేసుకున్నాను. నాకు అక్కరలేదు ఇంకేమీ. కారు కాలిపోతే కాలిపోనీ. ఆయన మాత్రం సందులోకే చూస్తూ, కుడి చేతి బొటనవేలిని గాల్లో నొక్కుతున్నారు, వదులుతున్నారు. నొక్కుతున్నారు, వదులుతున్నారు. ఉన్నట్టుండి భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు.

"ఒసే అలారం, ఇది పది రోజులుగా వెలుగుతూనే ఉందే. మూత వేస్తే వెలుగుతోంది, తీస్తే ఆరిపోతోంది."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. లిఫ్టుకు తలుపు పూర్తిగా పడితేనే కరెంటు వెళ్ళాలి, సందుంటే కదలకూడదు, లేకపోతే మనుషులు పడిపోతారు. అందుకని ఆ స్విచ్చి నొక్కితే కలుస్తుంది. డిక్కీకి కావలసింది దీనికి తలకిందులు. నొక్కితే విడిపోవాలి, వదిలితే కలవాలి. ముప్ఫై ఎనిమిదేళ్ళు తలుపు మూస్తే కరెంటు, తలుపు మూస్తే కరెంటు అని చేసిన చేతులు, డిక్కీకి కూడా అదే చేశాయి. పైగా రబ్బరు పెట్టి మరీ గట్టిగా వెలిగించాం. రాత్రంతా లోపల పుస్తకాలకు వెలుగు, మాకు చీకటి.

"ఆ షాపతను చెప్పింది నిజమే" అన్నారు. మళ్ళీ నవ్వారు.

వాచ్‌మన్ అటు వచ్చి కిటికీ దగ్గర వంగి చూశాడు. ముందు సీట్లు ఖాళీ, వెనక మేమిద్దరం వెనక్కి తిరిగి కూర్చుని. "ఎక్కడికండీ ప్రయాణం" అన్నాడు. ఆయన, "ఇంకా డ్రైవరు రాలేదయ్యా" అన్నారు.

నవంబరు 20, బుధవారం

పెట్టెలోనే రెండో రకం స్విచ్చి ఉంది. పన్నెండు నిమిషాల్లో మార్చారు, నేను గడియారం చూశాను. మూత తీస్తే డిక్కీ అంతా వెలుగు. బూడిదరంగు బూడిదరంగులా, మట్టిరంగు మట్టిరంగులా ఉంది. మూత వేసి, వెనక సీట్లో కూర్చుని సందు చూశాం, చీకటి. ఎందుకైనా మంచిదని ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టాను.

అమ్మాయికి చెబితే నేల మీద కూలబడి నవ్వింది. అల్లుడు కూడా నవ్వాడు, కొత్త బ్యాటరీ అక్కరలేదా అని అడిగి. ఆయన, "పందెం ప్రకారం నేను గెలిచాను. నిజానికి పదో తారీఖునే గెలిచాను, మీరు చూడలేదు, అంతే" అన్నారు. అమ్మాయి సరే నాన్నా అంది. అంటూ నా వైపు చూసింది.

సాయంత్రం బాల్కనీలో బట్టలు తీస్తుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు. తువ్వాలు మడిచి ఇచ్చారు.

"తీస్తే వెలగాలి. ఆ సంగతి చంటిపిల్లకు కూడా తెలుసు" అన్నారు.

చేతుల అలవాటండీ అన్నాను.

"వేలు తీస్తే ఆరిపోవడం కళ్ళారా చూశాను. చూసి, రబ్బరు పెట్టాను. చేతుల అలవాటే అయితే మంచిదే."

నేను బట్టల క్లిప్పులు డబ్బాలో వేస్తూ ఉన్నాను.

"ఆ రోజు నాలుగో అంతస్తులో భయపడ్డాను. నీకు చెప్పలేదు. చెబితే మోగుతూ ఉంటావని."

"ఇప్పుడు చెప్పారుగా."

"మోగు మరి."

నేను మోగలేదు. ఇంకో తువ్వాలు అందించాను. దాన్నీ మడిచారు. "శుక్రవారమే కదా ఆ డాక్టరు. ఎన్నింటికి" అన్నారు.

నవంబరు 22, శుక్రవారం

డాక్టరమ్మ చిన్నదే, మా అమ్మాయి కంటే చిన్నది. మెల్లగా మాట్లాడుతుంది. ఏ సంవత్సరం, ఏ నెల, నూటిలోంచి ఏడు తీస్తూ వెనక్కి లెక్కపెట్టమని, గడియారం బొమ్మ గీయమని. గడియారం గీసి, లోపల ముళ్ళు ఎలా తిరుగుతాయో కూడా చెప్పబోయారు. ముందే మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమంది, గుర్రం, నిమ్మకాయ, గొడుగు. నేనూ గుర్తుపెట్టుకున్నాను, ఎందుకైనా మంచిదని.

మధ్యలో, ఈ మధ్య ఇబ్బంది పడిన పని ఏదైనా ఉందా అని అడిగింది. ఆయన లైటు సంగతి మొదలుపెట్టారు. ఎక్కడ తడబడతారోనని నేను ఒక్కో మాటా లెక్కపెట్టుకుంటున్నాను. ఒక్కటి తప్పలేదు. బకెట్టు నీళ్ళు, చెప్పు రబ్బరు, వెలగని లైటు కరెంటెలా తింటుందన్నది, అన్నీ వరసగా, తన మీద తనే జోకులు వేసుకుంటూ. నాలుగో అంతస్తు సంగతి కూడా ఆయనే చెప్పారు. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి నవ్వింది. తర్వాత కలం తీసుకుని చాలా రాసింది.

ఇప్పుడు ఆ మూడు మాటలు చెప్పండి అంది.

"గుర్రం. నిమ్మకాయ."

ఆగారు. కిటికీ వైపు చూశారు, బల్ల వైపు చూశారు. నేను పెదవి కరుచుకున్నాను. డాక్టరమ్మ నా వైపు చూసి వద్దన్నట్టు చెయ్యి చూపించింది. రాలేదు. ఫరవాలేదండీ అంది.

చివరికి చెప్పింది. కాస్త మరుపు ఉంది. వయసుదే కావచ్చు, కాకపోవచ్చు. ఇప్పటికైతే అన్నగారిలా లేదు. రక్త పరీక్ష చేయించాలి, చేతులకు పని ఆపకూడదు, ఆరు నెలలకు మళ్ళీ రావాలి. కంగారు పడకూడదు, అలాగని వదిలేయకూడదు అని నాతో చెప్పింది. ఈ రెండూ కలిపి ఎలా చెయ్యాలో అడగలేదు. కంగారు లేకుండా దేన్నీ పట్టించుకోవడం నాకు తెలియదు. నేర్చుకోవాలి. ఆరు నెలలు టైముంది.

నన్నూ చూడమని అడిగాను. డాక్టరమ్మ నన్ను ఐదు నిమిషాలు ప్రశ్నలడిగి, మీకు మరుపు లేదమ్మా, మీకు కాస్త మరుపు ఉంటే బాగుండేది అంది. ఆయన బయటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు.

కారులో మాత్రం నవ్వలేదు. ముందు సీట్లో కూర్చుని, పెదవులు కదుపుతున్నారు. గుర్రం, నిమ్మకాయ. గుర్రం, నిమ్మకాయ. నేను వెనక నుంచి వింటున్నాను. చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు.

సెల్లార్‌లో కారు ఆపి, అమ్మాయి ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ, బూడిదరంగు పుస్తకం తీసిపెట్టమని నాన్నకు సైగ చేసింది. ఆయన వెనక్కి వెళ్ళి డిక్కీ మూత తీశారు. నేను పక్కనే ఉన్నాను. లైటు వెలిగింది. మూలమూలలా వెలుగు. పుస్తకాలు, వాటి వెనక కొలతల టేపు, చివరన ఎప్పుడు పెట్టారో ఎవరు పెట్టారో, మడిచిన నల్లటి గొడుగు.

ఆయన బూడిదరంగు పుస్తకం తీసి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"గొడుగు" అన్నారు. "మూడోది గొడుగు."

"అవునండీ. గొడుగే" అన్నాను.

ఆయన ముఖం చూడాలి. ఆయన నా ముఖం చూశారు. గుర్తొచ్చిందా, కనబడిందా అని నేను అడగలేదు. లైటు పెట్టుకున్నది అందుకేగా.